ఐర్లాండ్ ఖాళీ ఇంటి గ్రాంట్: కరెంటు బిల్లులో యూనిట్లు తిరుగుతుంటే ఖాళీ అని ఎలా నిరూపించాలి?

పల్లెలో 1970ల నాటి ఇల్లు కొన్నాం. ఖాళీ ఇళ్లు బాగుచేసుకోవడానికి ప్రభుత్వం డబ్బిచ్చే క్రీ కోనిహ (Croí Cónaithe) పథకం కింద 50,000 యూరోల వరకు వచ్చే గ్రాంట్‌కు కౌంటీ కౌన్సిల్‌లో అప్లై చేశాం. 2007కు ముందే కట్టింది, ఆస్తి మా పేరునే ఉంది, ఆ రెండింటితో పేచీ లేదు. చిక్కంతా రెండేళ్లు ఖాళీగా ఉందన్న రుజువు దగ్గరే.

పాత యజమాని కనెక్షన్ తీయించలేదు. పెరట్లోని షెడ్డులో పక్క రైతు పొలానికి వేసిన కరెంటు కంచె మెషిన్ ఈ మీటరు మీదే నడిచేది. దాంతో రెండు నెలల బిల్లుకు 15 నుంచి 20 యూనిట్లు పడ్డాయి. మనుషులుంటే టీ కెటిల్‌కే అంతకు మించి అవుతుంది! అయినా "వాడకం కనిపిస్తోంది" అని ఫైలు వెనక్కి పంపారు.

రెండేళ్ల బిల్లులు, అమ్మినవారి సొలిసిటర్ (లాయర్) లెటర్, ఆక్షనీర్ (ఇక్కడ ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంట్) తీసిన తేదీలున్న ఫోటోలు ఇచ్చాం. చాలవన్నారు. నీళ్లు సొంత బోరువి, కాబట్టి గ్రూప్ వాటర్ స్కీమ్ (ఊరివాళ్లు కలిసి నడుపుకునే నీటి సరఫరా) లెక్కలూ లేవు. అప్రూవల్ రాకముందు చేసిన పనికి గ్రాంట్ రాదు గనక కప్పు కారుతున్నా ముట్టుకోలేదు.

ఇలా మీటరు తిరిగిన ఇంటికి గ్రాంట్ తెచ్చుకున్నవాళ్లుంటే చెప్పండి: మీ కౌన్సిల్ చివరికి ఏ కాగితాన్ని ఒప్పుకుంది?