నిర్బంధ కేంద్రంలో మైనర్లకు తొలిరోజే మానసిక స్క్రీనింగ్: చేయాలా, లాయరు వచ్చేదాకా ఆగాలా?

రేవతి: గేటు దాటిన కొద్ది గంటల్లోనే చేయాలి. ఆత్మహత్య ముప్పు ఎక్కువగా ఉండేది తొలి రోజుల్లోనే. మేసీ-2 (MAYSI-2) అనే మానసిక స్క్రీనింగ్ ప్రశ్నాపత్రం ఉండనే ఉంది. 12–17 ఏళ్ల వాళ్లకి, 52 ప్రశ్నలు, అవును/కాదు జవాబులు, పది పదిహేను నిమిషాల పని. సైకాలజిస్టే చేయాలని లేదు, శిక్షణ ఉన్న సిబ్బంది చాలు.

శ్రీధర్: ఆ 52లో మద్యం, డ్రగ్స్ మీద ఎనిమిది ఉన్నాయి. జవాబులిచ్చాక ఆ కాగితం ఎవరి చేతికి పోతుంది?

రేవతి: క్లోనజెపాం లాంటి మందు (ఫిట్స్‌కి, ఆందోళనకి వాడేది) రోజూ వేసుకునే పిల్లాడికి అది ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ రావచ్చు. మీ లాయరు వచ్చేదాకా ఆగుతాయా అవి?

శ్రీధర్: మందుల సంగతి అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడగండి. వద్దన్నదెవరు? నేనడిగింది ఆ ఎనిమిది గురించి. జవాబు రాలేదు.

వెంకట్: 52 ప్రశ్నలకి ఈ థ్రెడ్‌లో 52 పోస్టులయ్యేలా ఉన్నాయి.

ఖాసిం: స్కోరు వచ్చాక ఏం జరుగుతుందో ఇద్దరూ వదిలేశారు. ఎక్కువ వచ్చినవాణ్ణి ఖాళీ గదిలో ఒంటరిగా పెట్టి, దాన్నే ‘వాచ్’ (ఆత్మహత్య చేసుకోకుండా కాపలా) అంటారు. మైనర్లకి ఒంటరి గది శిక్ష కూడదని ఐక్యరాజ్యసమితి హవానా నియమాలు (1990) 67లో ఉంది. శిక్ష కాదు రక్షణ అని పేరు మారిస్తే సరి! ఈ సంగతి సాయంత్రానికి వార్డంతా పాకుతుంది. మర్నాడు వచ్చినవాడు అన్నిటికీ ‘కాదు’ కొడతాడు. వాచ్ అంటే మనిషి దగ్గరుండటం, మాట్లాడటం.

రేవతి: అది అమలులో లోపం. స్క్రీనింగ్‌ది కాదు.

శ్రీధర్: అన్నీ అమలు ఖాతాలోకే! ‘నాతో ఏదైనా చెప్పుకో’ అన్న కౌన్సెలరే నెల తిరక్కుండా కోర్టుకి నివేదిక రాస్తాడు. అదీ అమలేనా?

రేవతి: పిల్లాడు బతికుంటేనే కదండీ మీకు కేసు? ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) ఉందనో, తలకి పాత దెబ్బ ఉందనో కోర్టుకి ఎవరూ రాయకపోతే వాడు ‘మొండి’ అయిపోతాడు. నివేదిక వల్లే వైద్యం దొరికేవాళ్లున్నారు.

శ్రీధర్: ఇదీ అసలు తగువు. ఒకే మనిషి పిల్లాడికీ కోర్టుకీ పనిచేయొచ్చని మీరంటారు. కుదరదని నేనంటాను. వైద్యం చేసేవాళ్లు వేరు, అంచనా రాసేవాళ్లు వేరు.

రేవతి: ఉన్నదే ఒక్కరైతే?

ఖాసిం: కోర్టు పని బయటివాళ్లకివ్వాలి. వార్డు సిబ్బందికి ఒక్క పేజీ చాలు: వాచ్ స్థాయి, మందులు, ఫిట్స్ ఉన్నాయా. జవాబు పత్రం వైద్య ఫైల్లో, తాళం కింద. ప్రాణానికి ముప్పుంటే బయటికి చెప్తాం, మిగతాది చెప్పం అని మొదలెట్టే ముందే పిల్లాడికి చెప్పాలి. ఇంకోటి, మత్తు దిగాక మళ్లీ చేయాలి. తొలిరోజు నిద్రలేమి, విత్‌డ్రాయల్ (అలవాటైన మత్తు లేదా మందు ఆగితే వచ్చే బాధలు) జవాబుల్ని తారుమారు చేస్తాయి.

శ్రీధర్: ప్రాసిక్యూటర్ అడిగితే ఫైలు ఇవ్వక తప్పని చోట ‘మిగతాది చెప్పం’ అన్నమాట పచ్చి అబద్ధం. అక్కడ ఆ ఎనిమిదీ లాయరు ముందే అడగాలి.

రేవతి: రోజూ ఏం వాడుతున్నాడో తెలియకుండా విత్‌డ్రాయల్ కనిపెట్టేదెలా? మీరు వద్దంటున్నదీ, డాక్టరుకి ఆ రాత్రే కావాల్సిందీ ఒక్కటేనండీ.