లీడ్స్‌కి ఎన్నాళ్లకోసారి మెసేజ్ పెట్టాలి? పార్ట్‌నర్‌తో పంచాయితీ తెగట్లేదు

మూడో అంతస్తు:
ఇళ్లు అమ్మిపెట్టే పనిలో నేనూ, నా పార్ట్‌నరూ ఉన్నాం. మా లిస్టులో 1200 దాకా లీడ్స్, అంటే కొంటారేమోనని రాసిపెట్టుకున్నవాళ్ల పేర్లున్నాయి. నిన్న మొన్న ఫోన్ చేసినవాళ్ల దగ్గర్నుంచి, మూడేళ్ల కింద ఒక్కసారి ఫ్లాట్ చూసి "ఇంట్లో అడిగి చెప్తాం" అని వెళ్లి మళ్లీ కనపడని వాళ్ల దాకా, అంతా ఒకే కుప్ప. ఇప్పటివరకూ అందరికీ నెలకోసారి ఒక మెయిల్, ఒక వాట్సాప్ పెట్టేవాళ్లం. ఇప్పుడు పార్ట్‌నర్ వారానికి మూడు పెట్టాలంటున్నాడు. అడగందే అమ్మైనా పెట్టదు, మనం గుర్తు చేయకపోతే మనమెందుకు గుర్తుంటాం అని అతని వాదన. అలా చేస్తే ఉన్న పేరు కూడా పోతుందని నా భయం. పోయిన నెల అతని మాట విని ఒక ప్రాజెక్టు కోసం ఒకే వారంలో మూడు పెట్టాం, పదిమంది దాకా ఆపమన్నారు, అందులో ఒకాయన ఇంకో నాలుగు రోజుల్లో అడ్వాన్స్ ఇచ్చేవాడే. అది మాత్రం నాకు మింగుడు పడట్లేదు. ఈ పనిలో ఉన్నవాళ్లు చెప్పండి, ఇలాంటి మెసేజ్‌లు భరిస్తున్నవాళ్లు కూడా చెప్పండి. ఎన్ని పెడితే సరి?

తాళంచెవి:
నేను మీ పార్ట్‌నర్ వైపు. నెలనెలా కొనడానికి ఇల్లేమీ సబ్బు కాదు. ఒక మనిషి జీవితంలో ఒకసారి, మహా అయితే రెండుసార్లు కొంటాడు, ఆ కొనే వారం ఎప్పుడొస్తుందో ఆయనకే తెలీదు, ఇక మనకేం తెలుస్తుంది? ఉద్యోగం మారొచ్చు, బిడ్డ పుట్టొచ్చు, అద్దె ఇంటి ఓనర్ ఉన్నట్టుండి ఖాళీ చేయమనొచ్చు. ఆ రోజు ఫోన్ తీయగానే పైన ఎవరి పేరు కనిపిస్తే వాళ్లకే కాల్ వెళ్తుంది. రెండేళ్లపాటు ఒక్క జవాబు కూడా ఇవ్వని ఒకావిడ ఒక ఆదివారం పొద్దున "ఇది ఇంకా ఉందా అండీ" అని పెట్టారు, నెల తిరక్కుండా రిజిస్ట్రేషన్ అయిపోయింది. నెలకొకటి పెట్టుంటే ఆ ఆదివారం నేను ఆవిడ ఫోన్‌లో ఎక్కడో అడుగున ఉండేవాణ్ని. పైగా నా మెయిల్స్ సగానికి పైగా ఓపెన్ అవుతున్నాయి, విసుగొస్తే ఎందుకు తెరుస్తారు? ఆపమన్న పదిమంది కోసం బెంగ పెట్టుకోకండి, వాళ్లలో తొమ్మిదిమంది ఎలాగూ కొనరు. వారానికి రెండు. తగ్గొద్దు.

గోడమీద పిల్లి:
అడిగితే అమ్మ పెడుతుంది నిజమే అన్నా, పావుగంటకోసారి అడిగితే గరిటె తిరగేస్తుంది కూడా.

ఒకప్పటి కొనుగోలుదారు:
భరిస్తున్నవాళ్లని కూడా అడిగారు కాబట్టి చెప్తున్నా. నేను ఇల్లు కొని ఏడాదిన్నర అయింది, వేరే ఏజెంట్ ద్వారా. మొదట కలిసిన ఏజెంట్ దగ్గర్నుంచి ఇప్పటికీ వారానికి రెండు వస్తాయి, "మీ కలల ఇల్లు మీకోసం ఎదురు చూస్తోంది" అని. నేను ఇంట్లో కూర్చునే చదువుతుంటా.

ఆయనతో ఎందుకు కొనలేదో కూడా వినండి. మొదటి రోజే చెప్పాను, మా అమ్మకి మోకాళ్లు బాగోవు, లిఫ్ట్ ఆగిపోయిన రోజున కూడా ఆవిడ బయటికి వెళ్లి రాగలగాలి, కాబట్టి గ్రౌండ్ ఫ్లోర్ లేదా మొదటి అంతస్తు, అంతకు మించి వద్దు అని. ఆయన తలూపి రాసుకున్నారు కూడా. ఆ తర్వాత వచ్చినవన్నీ అయిదో అంతస్తు, తొమ్మిదో అంతస్తు, "అద్భుతమైన వ్యూ". ఆయనకి నా నంబరు గుర్తుంది, నేను చెప్పిన మాట గుర్తులేదు. నాలుగోదానికో అయిదోదానికో మ్యూట్ చేసేశాను. తాళంచెవి గారూ, ఇక్కడొక సంగతి గమనించండి. నేను బ్లాక్ చేయలేదు, ముఖాన కొట్టినట్టు ఎందుకని ఊరుకున్నా. కాబట్టి ఆయన లెక్కలో నేనింకా "లైవ్ లీడ్"నే. మీరన్న తొమ్మిదిమంది కాకుండా నాలాంటి వాళ్లు మీ లిస్టులో ఎంతమంది ఉన్నారో మీకెలా తెలుస్తుంది?

తాళంచెవి:
అది ఆ ఏజెంటు తప్పండీ, మెసేజ్‌ల సంఖ్య తప్పు కాదు. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లే వారానికి రెండు పంపుంటే మీరు చదివేవారు.

ఒకప్పటి కొనుగోలుదారు:
చదివేవాణ్నే. కానీ వారానికి రెండు గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లు, మా బడ్జెట్‌లో, మేం అడిగిన ఏరియాలో ఎక్కడ దొరుకుతాయి? నెలకి ఒకటి దొరికితే గొప్ప. వారానికి రెండు పంపాలని మీరు ముందే అనుకుంటే మిగతావి తొమ్మిదో అంతస్తులతోనే నింపాలి కదా.

సర్వర్ రూమ్:
నేను ఇళ్లు అమ్మను, కంపెనీలకి మెయిల్ సెటప్‌లు చూస్తుంటా. తాళంచెవి గారి "సగానికి పైగా ఓపెన్ అవుతున్నాయి" దగ్గర ఆగిపోయాను. 2021లో యాపిల్ ఐఓఎస్ 15తో పాటు మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్ అని ఒకటి తెచ్చింది. యాపిల్ మెయిల్ యాప్‌లో అది ఆన్ చేసుకున్న వాళ్లకి, మెయిల్‌లో ఉన్న బొమ్మలన్నీ యాపిల్ సర్వర్లే ముందుగా తెరిచేస్తాయి. ఓపెన్ అయిందా లేదా అని లెక్కపెట్టేది కనపడని ఒక చిన్న బొమ్మతోనే కాబట్టి, మనిషి చూడకపోయినా మీ స్క్రీన్ మీద "ఓపెన్డ్" అనే పడుతుంది. అంటే మీరు సంతోషపడుతున్న ఆ సగంలో ఎంతమంది మనుషులో, ఎన్ని సర్వర్లో చెప్పలేం. క్లిక్ చేశారా, జవాబిచ్చారా, ఫోన్ చేశారా అన్నది చూడండి, ఓపెన్లు వదిలేయండి.

ఇక విసుగు పుట్టినవాళ్లు ఎలాగూ కొనరు, పోతే పోనీ అనే మాట. వాళ్లు ఊరికే పోరు సార్, పోతూ స్పామ్ బటన్ నొక్కి పోతారు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ పెట్టిన రూల్స్ ప్రకారం స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, అసలు 0.1 శాతం లోపే ఉంచుకోమంటారు. వెయ్యి మెయిల్స్‌కి మూడు ఫిర్యాదులు, అంతే. 1200 పేర్ల లిస్టుకి నలుగురు చాలు. ఆ గీత దాటితే దెబ్బ ఆ నలుగురితో ఆగదు, నిజంగా మీ మెయిల్ కోసం చూస్తున్నవాళ్ల ఇన్‌బాక్స్‌లో కూడా మీరు స్పామ్ ఫోల్డర్‌కి జారిపోతారు. అంటే రేపు కొనబోయేవాడికి చేరకుండా ఇవాళ విసిగినవాడు ఆపేస్తాడు. (రోజుకి 5000 పైన పంపేవాళ్లకైతే ఒక్క నొక్కుతో ఆపేసుకునే లింకు కూడా తప్పనిసరి. మీకు అంత లిస్టు లేకపోయినా అది పెట్టండి, స్పామ్ బటన్ కంటే ఆ లింకు నొక్కడం మీకే మంచిది.)

వాట్సాప్ సంగతి ఇంకోలా ఉంటుంది. మామూలు బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికి మించి పెట్టలేరు, అది కూడా మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. మూడేళ్ల కింద ఒకసారి ఫ్లాట్ చూసినవాళ్లలో మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే ఆలోచించుకోండి. వారానికి మూడు పెట్టినా ముప్పై పెట్టినా వాళ్లకి చేరేది సున్నా.

మూడో అంతస్తు:
సర్వర్ రూమ్ గారూ, సేవ్ చేసుకుంటేనే చేరుతుందన్న సంగతి నాకు నిజంగా తెలీదు. మా పార్ట్‌నర్‌కి చూపిస్తే ఇది ముందే చెప్పాలి కదా అని నా మీద అరిచాడు.

గోడమీద పిల్లి:
జోకు వేశానని తేలిగ్గా తీసుకోకండి, నేనూ కొన్నాళ్లు ఒక ఏజెన్సీలో ఫాలోఅప్ కాల్స్ చేసినవాణ్నే. మీరందరూ వారానికి ఎన్ని అని కొట్టుకుంటున్నారు గానీ అసలు దెబ్బ తినేది మొదటి గంటలో. ఎవరో ఫారం నింపి "ఈ ఇల్లు గురించి వివరాలు కావాలి" అంటారు, మనం ఆ సాయంత్రం తీరిగ్గా ఫోన్ చేస్తాం, అప్పటికి వాళ్లు ఇంకొకరితో మాట్లాడేసి ఉంటారు. 2011లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో దీని మీదే ఒక స్టడీ వచ్చింది, ఎంక్వైరీ వచ్చిన గంటలోపు స్పందించిన కంపెనీలకి, ఇంకో గంట ఆలస్యం చేసినవాళ్ల కంటే, అసలు నిర్ణయం తీసుకునే మనిషితో పనికొచ్చే మాట కుదిరే అవకాశం దాదాపు ఏడు రెట్లు ఎక్కువని. అది ఇళ్ల వ్యాపారం ఒక్కదాని మీద చేసింది కాదు, అయినా మా ఆఫీసులో నేను చూసిందీ అదే. నవ్వొచ్చే సంగతేంటంటే, అడిగినవాడికి ఆలస్యంగా చెప్పే ఆఫీసే, అడగనివాడికి వారానికి మూడుసార్లు చెప్తుంది. ఎందుకంటే రెండోది సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది, మొదటిది మనిషి లేచి చేయాలి.

కొత్తగా అడిగినవాడికి మొదటి పది రోజుల్లో నాలుగైదు మెసేజ్‌లు వెళ్లినా ఎక్కువ కాదు, వెతుకుతున్నవాడికి అది సాయమే. ఆర్నెల్లు నోరు విప్పనివాడికి నెలకొకటి కూడా ఎక్కువే.

తాళంచెవి:
సరే, ఓపెన్ల లెక్క నా తప్పే, ఒప్పుకుంటున్నా. అందరూ ఏజెంటుని తిడుతున్నారు కాబట్టి ఇంకో వైపు కూడా చెప్తా, ఇది ఎవరూ పైకి అనరు. మేం వారానికి రెండు పంపేది కొనేవాళ్ల కోసమే అనుకుంటున్నారా? అమ్మేవాళ్ల కోసం. ఇల్లు అమ్మకానికి ఇచ్చిన ఓనర్ ప్రతి శనివారం ఫోన్ చేసి "ఈ వారం ఏం చేశారు" అని అడుగుతాడు. ఆ వారం ఎవరూ రాకపోతే "పన్నెండు వందల మందికి పంపాం సార్" అని చెప్పుకోవడానికి ఒకటి ఉండాలి. లేదంటే ఇంకో ఏజెంటుకి ఇచ్చేస్తాడు. ఈ టెన్షన్ మీకు తెలీదు.

కొలతల టేపు:
నేను ఆ శనివారం ఫోన్ చేసే ఓనర్‌నే అండీ. అంటే మీ ఓనర్ని కాదు, అలాంటివాణ్ని. మా ఫ్లాట్ ఎనిమిది నెలలు అమ్మకంలో ఉంది. మా ఏజెంటు కూడా ఎంతమందికి పంపాడో చెప్పేవాడు, మొదట్లో నాకూ అదేదో పెద్ద పనిలాగే అనిపించేది. మూడో నెలలో మా ఆఫీసులో ఒకతను వచ్చి "ఏంటి సార్, మీ ఫ్లాట్ ఏదైనా గొడవలో ఉందా, ఇన్నిసార్లు వస్తోంది, ఎవరూ కొనట్లేదా" అన్నాడు. మనసు చివుక్కుమంది. ఒకే ఇంటి ఫోటోలు ఒకే మనిషికి పదిసార్లు కనపడితే ఆ ఇంటి మీదే అనుమానం వస్తుంది, ధర తగ్గించమనడానికి అదొక సాకు కూడా అవుతుంది. చివరికి కొన్నాయన సంగతి చెప్తే నవ్వుతారు, ఆయన ఆ బ్రాడ్‌కాస్ట్ చూసి రాలేదు, ఏజెంటు పాత నోట్‌బుక్ తిరగేసి, బాల్కనీ పెద్దది కావాలని ఎప్పుడో అడిగిన మనిషికి ఒక్క ఫోన్ చేస్తే వచ్చాడు. ఆ ఫోన్ మొదటి నెలలో ఎందుకు చేయలేదని అడిగితే "లిస్టుకి పంపాం కదా సార్, ఆయనకీ వెళ్లుంటుందనుకున్నా" అన్నాడు.

తాళంచెవి:
మీలాంటి ఓనర్లు ఆ ముక్క మొదటి వారమే చెప్తే మేం కూడా బాగుపడతాం. ఎంతమందికి పంపావని అడగడం మానేసి ఎవరెవరికి ఫోన్ చేశావని అడగండి.

మూడో అంతస్తు:
నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని లిస్టు మొత్తం తిరగేశాం, మూడు గంటలు పట్టింది. 1200లో చాలామంది పక్కన అసలు ఏం కావాలో రాసే లేదు, వట్టి పేరూ నంబరూ. మా దగ్గరే కొన్నవాళ్లకి కూడా "ఇల్లు కావాలా" అని పంపుతున్నామని అప్పుడు కనపడింది, సిగ్గేసింది.

ప్రస్తుతానికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఒక ఇల్లు స్వయంగా చూసి వెళ్లినవాళ్లకి ఆ ఇంటి ధర మారితే ఆ రోజే చెప్తాం, అది వారంలో రెండుసార్లు జరిగినా సరే. ఏం కావాలో చెప్పినవాళ్లకి అలాంటిది వచ్చినప్పుడే. మిగతా పెద్ద కుప్పకి ఒక్కసారి, "ఇంకా వెతుకుతున్నారా, ఆపేయమంటారా" అని రెండు ముక్కలు, ఫోటోలు లేకుండా. జవాబు రానివాళ్లకి మూడు నెలలకోసారి మించి వద్దని నేను, నెలకోసారని అతను, అక్కడ మాత్రం ఇంకా తెగలేదు. అడ్వాన్స్ ఇవ్వాల్సిన ఆయనకి నేనే ఫోన్ చేశా. ఎత్తలేదు.

తాళంచెవి:
మూడు నెలలంటే మర్చిపోతారు బ్రదర్. పార్ట్‌నర్ మాట విను.

సర్వర్ రూమ్:
ఒక్క పని మాత్రం ముందు చేయండి. ఆపమన్నవాళ్ల పేర్లు లిస్టులోంచి డిలీట్ చేయకండి. విడిగా "పంపకూడనివాళ్లు" అని ఒక లిస్టు పెట్టి, ప్రతిసారీ దానితో పోల్చి పంపండి. డిలీట్ చేస్తే, రేపు పాత ఎక్సెల్ షీటో, ఫోన్ కాంటాక్ట్సో మళ్లీ ఎక్కించినప్పుడు వాళ్లంతా కొత్తవాళ్లలాగా తిరిగొస్తారు. ఒకసారి వద్దన్నవాడికి మళ్లీ వెళ్తే నేరుగా స్పామ్ బటనే. కొన్ని చోట్ల చట్టంతో కూడా తంటా. అమెరికా 2003 చట్టంలో మెయిల్ ఆపమన్నాక పది పని దినాల్లోపు ఆపాలి, యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం ప్రకారమైతే మార్కెటింగ్ వద్దంటే ఇక ఆ పనికి వాళ్ల వివరాలు వాడకూడదు. ఈ రెండింటిలోనూ వారానికి ఇన్నే అనే లెక్క మాత్రం లేదు, అది మీరూ మీరూ తేల్చుకోవాల్సిందే.

ఒకప్పటి కొనుగోలుదారు:
ఓహో, అదా సంగతి! నేను బ్లాక్ చేయలేదు గానీ, ఆపమని ఆయనకి రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ "సారీ సార్, తీసేశాను" అన్నారు, రెండుసార్లూ ఓ నెల ఆగి మళ్లీ మొదలైంది. అబద్ధం చెప్తున్నారనుకున్నా ఇన్నాళ్లూ. నిజంగానే తీసేసినట్టున్నారు పాపం.