కోట పక్కన ఇల్లు కట్టాలంటే పురావస్తు కన్సల్టెంట్ ఖర్చు ఎవరిది?

మట్టికోట: ఇంగ్లండ్‌లో 1990 నుంచి ఓ పద్ధతి ఉంది. తవ్వేవాడే పురావస్తు పరిశోధన ఖర్చు పెట్టుకోవాలి, ప్లానింగ్ పర్మిషన్‌కు రిపోర్టు ఇవ్వాలి. లండన్‌లో బ్లూంబర్గ్ ఆఫీసు కట్టే చోట రోమన్ల నాటి రాత పలకలు 400కు పైగా దొరికింది అట్లా తవ్వించినందుకే. మన బిల్డర్లకూ ఈ రూలు పెట్టాలి. ఏమంటారు?

ఖిలావాసి: నేనుండేది ఖిలా వరంగల్‌లోనే. కోట చుట్టూ 100 మీటర్లలో కొత్తగా కట్టొద్దంటారు కదా, ముందు ఆ 100 మీటర్లు ఎక్కడి నుంచి కొలుస్తారో చెప్పండి. మట్టి గోడ నుంచా, రాతి గోడ నుంచా, తోరణాల నుంచా?

రూల్‌బుక్: రక్షిత ప్రాంతం హద్దు నుంచి. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణలో ఉంది. మొదటి 100 మీటర్లలో కొత్త కట్టడాలు నిషేధం, మరమ్మతుకూ అనుమతి కావాలి. ఆ తర్వాతి 200 మీటర్లలో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని కట్టుకోవచ్చు. దీనికి కన్సల్టెంట్ ఎందుకండీ?

ఖిలావాసి: హద్దు పుస్తకంలో ఉంటది సార్, నేల మీద చూపించేటోళ్లేరి? వానలకు మా వంటింటి గోడ కూలింది. ఒక కన్సల్టెంట్ 40 వేలు తీసుకుని గూగుల్ మ్యాప్ ప్రింటు మీద ఎర్ర పెన్నుతో గీత గీసి ఇచ్చాడు. ఆఫీసులో తిప్పి పంపారు. ఏడాది దాటింది, ఇంకా టార్పాలిన్ కిందే వంట.

బాబీ_హన్మకొండ: "ఎన్‌ఓసీ గ్యారంటీ" అన్నాడా? మా బావకూ అదే మాట.

మట్టికోట: అన్నా, మీ గోడ సంగతి వేరు. 300 మీటర్ల అవతల సెల్లార్ తవ్వే జేసీబీకి శాసనం ముక్క తగిలితే ఆపేదెవరు? నేనడిగేది అది.

రూల్‌బుక్: 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ (నేలలో దొరికే నిధుల) చట్టం ఉంది. 10 రూపాయలకు మించిన విలువైనది దొరికితే కలెక్టర్‌కు చెప్పాలి.

సైట్ఇంజినీర్: చెప్తే సైటు ఆగుద్ది, బ్యాంకు వడ్డీ ఆగదు. తెల్లారేసరికి లారీలో మట్టితో పాటే పోద్ది. పైగా కన్సల్టెంట్‌కు డబ్బులిచ్చేది మేమే, "ఇక్కడ ఏమీ లేదు" అని రాయక ఏం రాస్తాడు?

మట్టికోట: అందుకే ఇంగ్లండ్‌లో లోకల్ కౌన్సిల్‌కు వేరే సలహాదారు ఉంటాడు. ఎక్కడ తవ్వి చూడాలో చెప్పేదీ, రిపోర్టు సరిచూసేదీ ఆయనే. మీలాంటోళ్ల వల్లే కదా ఇన్ని పోయాయి!

సైట్ఇంజినీర్: నోరు జాగ్రత్త బ్రదర్. ఉన్నది చెప్పాను.

ఖిలావాసి: బిల్డర్ ఆ ఖర్చు ఫ్లాటు రేటులో కలిపేస్తాడు. నేనెందులో కలపాలి? కోట అందరిదంటారు, బిల్లు మాత్రం మాకే!

మట్టికోట: సొంతిల్లు కట్టుకునేవాళ్లకు ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలి, ఒప్పుకుంటా. తవ్వకముందు చూడాలన్నది మాత్రం వదలను.

ఖిలావాసి: ప్రభుత్వం పెట్టుకుంటే నాకేం అభ్యంతరం? ముందు పోస్టులో ఈ ముక్క లేదు కదా.

రూల్‌బుక్: హద్దు అడిగారు కాబట్టి చెప్తున్నా. గెజెట్‌లో సాధారణంగా సర్వే నంబర్లు ఉంటాయి. అది పట్టుకుని పురావస్తు శాఖ ఆఫీసులోనే కొలత అడగండి, మధ్యలో ఎవరికీ 40 వేలు పోయకండి.