మలక్‌పేట రేసుల్లో గుర్రాన్ని ఎంచుకునేటప్పుడు దేనికి మొదటి స్థానం ఇవ్వాలి?

చెరువుగట్టు (భీమవరం):
రొయ్యల పట్టుబడి ముగిశాక వర్షాకాలపు రేసులకు రెండు మూడు సార్లు మలక్‌పేట వెళ్లి రావడం నాకు అలవాటు. రేసు పుస్తకంలో గుర్రం మోసే బరువు, డ్రా (లోపలి కంచె వైపు నుంచి లెక్కించే, గుర్రం బయలుదేరే గేటు సంఖ్య), జాకీ, ట్రైనర్, గత పరుగులు అన్నీ ఉంటాయి. అవి ఒకదానికొకటి పొసగనప్పుడే నాకు చిక్కు వస్తోంది. పోయినసారి బరువు తక్కువగా ఉందని ఒక గుర్రాన్ని ఎంచుకుంటే, దానికి చివరి డ్రా రావడంతో మలుపంతా బయటి అంచునే పరుగెత్తి నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. మీరు దేనికి మొదటి స్థానం ఇస్తారు? ముఖ్యంగా డ్రాకు ఎంత విలువ ఇవ్వాలో అనుభవజ్ఞులు చెప్పాలని కోరుతున్నాను.

కొబ్బరితోట (రాజోలు):
క్లాసు, అంటే రేటింగును బట్టి గుర్రాలను విడదీసే తరగతి, చూడకుండా మిగిలినవి చూడడం వృథా అండి. పై క్లాసులో వరుసగా ఆరో స్థానం, ఏడో స్థానం తెచ్చుకున్న గుర్రం రేటింగు తగ్గి కింది క్లాసుకు దిగిన రోజున, దాని పాత పరుగులు చూసి జనం పక్కన పెడతారు. నేను అలాంటి గుర్రం కోసమే నెలల తరబడి కాచుకుని ఉంటాను. నిరుడు శీతకాలంలో అలా దిగిన ఒక ఆడగుర్రం 1400 మీటర్లలో మూడు లెంగ్తుల (గుర్రం ఒంటి పొడవుల) తేడాతో గెలిచింది. ఆ రోజు పందేలు కట్టే టోట్ కిటికీ దగ్గర దాని పేరు చెప్పినవాణ్ని నా వరుసలో నేనొక్కణ్నే.

బియ్యంమిల్లు (తణుకు):
అన్నిటికన్నా ముందు బరువు చూడాలి. రేటింగులో ఒక్కో పాయింటుకు అర కిలో చొప్పున తేడా పెట్టి హ్యాండికాపర్ (బరువులు నిర్ణయించే అధికారి) అన్ని గుర్రాలనూ ఒకే గీత మీదికి తేవాలని చూస్తాడు, అతని లెక్క ఎక్కడ తప్పిందో పట్టుకోవడమే మన పని. నేను నమ్ముకున్న గుర్రం 60 కిలోలు మోసి, 51 కిలోలు మోసిన గుర్రం చేతిలో తల తేడాతో ఓడిపోయింది. ఆ తొమ్మిది కిలోలే నన్ను ముంచాయని ఇప్పటికీ అంటాను.

పశువైద్యుడు (అమలాపురం):
ముప్పయ్యేళ్లకు పైగా పశువైద్యం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని కనుక ఈ విషయం మీకన్నా నాకు బాగా తెలుసు. దాదాపు 450 కిలోల గుర్రానికి రెండు కిలోలు అటూ ఇటూ అయితే అది దాని ఒంటి బరువులో అర శాతం కూడా కాదు. రేసుకు ముందు గుర్రాలను చూపించే ప్యాడక్‌లో తిప్పుతున్నప్పుడు వెనక తొడల మధ్య నురగ కడుతున్నదా, ముందుకాలు నేల మీద ఆనించడానికి వెనకాడుతున్నదా చూడండి. పుస్తకంలో తల పెట్టుకుని కూర్చున్నవారికి అవి కనిపించవు.

బియ్యంమిల్లు (తణుకు):
డాక్టరు గారూ, మీ చదువుకు నమస్కారం. కానీ కోనసీమలో మీరు చూసినవి గేదెలు, ఆవులే కదా! పంతొమ్మిదో శతాబ్దంలోనే ఇంగ్లండులో అడ్మిరల్ రౌస్ గుర్రం వయసునూ దూరాన్నీ బట్టి బరువుల పట్టిక కట్టాడు. నేటికీ అక్కడి హ్యాండికాపర్లు అయిదు ఫర్లాంగులలో లెంగ్తుకు సుమారు మూడు పౌండ్లు, మైలు రేసులో సుమారు రెండు పౌండ్లు చొప్పున లెక్క వేస్తారు. ఆ లెక్కన మీరు కొట్టిపారేసిన రెండు కిలోలు మైలు దూరంలో రెండు లెంగ్తులవుతాయి. తల తేడాతో ఓడినవాడికి రెండు లెంగ్తులు చిన్న విషయమా?

పశువైద్యుడు (అమలాపురం):
గేదెలను చూసినవాణ్నని నన్ను తక్కువ చేయడం మర్యాద కాదు. మీ పట్టిక రెండు గుర్రాలూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే పనికొస్తుంది; ఆ ఉదయం ముందుకాలు నొప్పి పెడుతున్న గుర్రానికి మీరు పది కిలోలు తగ్గించినా అది గెలవదు.

లంకపొలం (పి.గన్నవరం):
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. ఆ 60 కిలోలు దానికి ఊరికే రాలేదు, తోటివాటికన్నా మంచి గుర్రం కాబట్టే వేశారు. అందువల్ల బరువును చూసి భయపడేవారు చాలాసార్లు రేసులోని మేలైన గుర్రాన్నే వదులుకుంటున్నారు. నన్నడిగితే ఏ గుర్రం గెలుస్తుందన్నదాని కన్నా ఏ ధరకు గెలుస్తుందన్నది పెద్ద ప్రశ్న, ఎందుకంటే 2025 సెప్టెంబరు 22 నుంచి పందేల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగాక, అందరూ ఎగబడే ఫేవరెట్ మీద వచ్చేది మరీ తక్కువ.

సముద్రపుగాలి (కాకినాడ):
నా అనుభవం జాకీల గురించి. అప్రెంటిస్ (ఇంకా నేర్చుకుంటున్న జాకీ) కుర్రవాడికి బరువులో రాయితీ ఉంటుంది కదా అని మొదట్లో సంబరపడేవాణ్ని. 2000 మీటర్ల రేసులో ఆ కుర్రవాడు మొదటి సగంలోనే గుర్రాన్ని అలసిపోయేలా తోలాడు. దానికి తోడు, ఫోనులో లోపలి కబురు అమ్ముతానన్న ఒకతనికి ఆరు వారాలు డబ్బు కట్టాను. అతడు ఒక్కో ఖాతాదారుకు ఒక్కో గుర్రం పేరు చెబుతున్నాడని గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో నాతో ప్రయాణించిన మరో బాధితుడి వల్ల తెలిసింది. దయచేసి ఎవరూ అలాంటివారిని నమ్మకండి.

కాలవగట్టు (పాలకొల్లు):
వాన సంగతి ఎవరూ ఎత్తలేదేమిటండి? సార్వా ఊడ్పుల నాటి దమ్ము చేలో ఏ ఎద్దు అడుగు తీసి వేయగలదో, ఏది దిగబడుతుందో మనకు తెలియనిది కాదు. రేసుల రోజున పెనెట్రోమీటర్ అంకె ప్రకటిస్తారు. అది పెరిగితే నేల మెత్తబడిందని అర్థం. తడి నేల మీద ఇంతకుముందు బాగా పరుగెత్తిన గుర్రాలను నేను విడిగా ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. అక్టోబరు 2న దక్కన్ డెర్బీ అనే పెద్ద రేసు నాటికి కూడా ఆ పుస్తకం నా జేబులోనే ఉంటుంది.

చెరువుగట్టు (భీమవరం):
అందరికీ కృతజ్ఞతలు. అయితే డ్రా గురించి నేనడిగిన దానికి ఇంతవరకు జవాబు రాలేదు.

కొబ్బరితోట (రాజోలు):
క్షమించండి, మీ ప్రశ్న మా వాదులాటలో కొట్టుకుపోయింది. అర్ధవృత్తంలా తిరిగే మలుపులో లోపలి కంచెకు ఒక్క మీటరు దూరం జరిగి పరుగెత్తిన గుర్రం సుమారు 3.14 మీటర్లు అదనంగా పరుగెత్తాలి, అది లెంగ్తు కన్నా ఎక్కువ. మలుపు త్వరగా వచ్చే పొట్టి రేసులో చివరి డ్రా గుర్రానికి లోపలికి సర్దుకునే వ్యవధి ఉండదు, కనుక అక్కడ దాన్ని లెక్కలోకి తీసుకోండి. పొడుగు రేసులో, తొందరపడని జాకీ ఎక్కినప్పుడు, నేను డ్రాను చివరన చూస్తాను. మీరు చెప్పిన ఆ నాలుగో స్థానం గుర్రం మళ్లీ లోపలి డ్రాతో దిగితే దాన్ని వదలకండి.

చెరువుగట్టు (భీమవరం):
వచ్చే శనివారం అది 1200 మీటర్లకు దిగుతోందండి, డ్రా రెండు.