రెండో తరగతి బాబు సొంతంగా చదువుకోగల రైలు పుస్తకాలు

ప్రశ్న (హనుమకొండ, ఒక తల్లి)

మా బాబు రెండో తరగతి చదువుతున్నాడు. గుణింతాలు వచ్చాయి, ఒత్తులు ఇప్పుడిప్పుడే పట్టుబడుతున్నాయి. కాజీపేటలో మా అమ్మగారి ఇల్లు పట్టాలకు దగ్గర కావడంతో వాడికి రైలంటే ప్రాణం. అయితే మేము కొన్న పుస్తకాల్లో ఇంజనుకు కళ్లూ ముక్కూ పెట్టి మాట్లాడించే కథలే ఎక్కువ. "ఇంజను మాట్లాడదు కదమ్మా, అది ఎట్ల నడుస్తది?" అని వాడు అడిగితే జవాబు చెప్పే పుస్తకం దొరకలేదు. పెద్దపిల్లల విజ్ఞాన పుస్తకం ఇస్తే మొదటి పేరాలోనే 'విద్యుదయస్కాంత' అనే మాట ఎదురై మూసేశాడు. మంచి పుస్తకాన్ని ఎట్లా ఎంచుకోవాలి?

జవాబు 1 (జమ్మికుంట, ప్రాథమిక పాఠశాల టీచర్)

మేడం, ముందు బొమ్మలు చూడండి. రైలు చక్రానికి ఒక పక్క ఉండే అంచు ఎప్పుడూ రెండు పట్టాల మధ్య, లోపలి వైపే ఉంటుంది. బొమ్మలో దాన్ని బయటికి గీసి ఉంటే, ఆ పుస్తకం రాసినవారూ గీసినవారూ రైలును సరిగా చూడలేదన్నమాట. తరువాత పేజీకి ఒకటే సంగతి, రెండు మూడు చిన్న వాక్యాలు ఉన్నాయేమో చూడండి. 'ప్లాట్‌ఫాం', 'సిగ్నల్' వంటి మాటలకు భయపడనక్కరలేదు. చెవికి అలవాటైన మాటను పిల్లలు ఒత్తు ఉన్నా చదివేస్తారు, 'ధూమశకటం' దగ్గరే ఆగిపోతారు. 1853 ఏప్రిల్ 16న ముంబైలోని బోరీబందర్ నుంచి ఠాణే వరకు మన దేశపు తొలి ప్రయాణికుల బండి నడిచిందన్న సంగతి ఈ వయసుకు చివరి పేజీలో ఉన్నా నష్టం లేదు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు పుస్తకాలు చదివే స్థాయుల వారీగా ఉచితంగా దొరుకుతాయి. మొదటి రెండు స్థాయుల్లో వెతకండి.

జవాబు 2 (కాజీపేట, రిటైర్డ్ రైల్వే ఉద్యోగి)

అమ్మా, మీ బాబు అడిగినదానికి జవాబు ఇంత సులువుగా రాయవచ్చు: "పైన తీగ ఉంది. తీగలో కరెంటు ఉంది. ఇంజను మీది చెయ్యి తీగను తాకుతుంది. కరెంటు మోటారుకు వస్తుంది. మోటారు చక్రాన్ని తిప్పుతుంది." వీటిలో ఒక్క ఒత్తు కష్టమైనది లేదు. అయితే ఆ తీగలో 25,000 వోల్టులు ఉంటాయని, దాని దగ్గరికి ఎవరూ పోకూడదని అదే పేజీలో చెప్పని పుస్తకాన్ని నేను కొనను.

పుస్తకం దొరికేదాకా స్టేషన్ల పసుపు బోర్డులు చదివించండి. బల్లార్షా లైనులో ముందు ఒత్తులు లేని ఓదెల, రామగుండం. అవి చదవడం వచ్చాక జమ్మికుంట, పెద్దపల్లి. 'ర్యా' ఉన్న మంచిర్యాల ఆఖరున. ఇంజను మీద డబ్ల్యూఏపీ అని ఉంటే ప్రయాణికుల బండిదని, డబ్ల్యూఏజీ అని ఉంటే గూడ్సుదని చెప్పండి, ఇక వాడే మీకు చెప్తాడు.

ప్రశ్న అడిగినవారు

సార్, మేడం, ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంట్లో ఉన్న ఐదు పుస్తకాల్లో చక్రాలు చూస్తే రెండింటిలో అంచు బయటికే ఉంది. మీ ఐదు వాక్యాలను పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి ఇచ్చాను. 'చక్రాన్ని' దగ్గర ఒకసారి ఆగి, మిగతాది తానే చదివాడు.