సీబీ రేడియో ఆన్‌లో ఉంచాలా, కట్టేయాలా?

ఇండియానాపొలిస్, కొత్త డ్రైవర్:

అన్నలందరికీ నమస్కారం. సీడీఎల్ (ట్రక్కు నడిపే లైసెన్స్) చేతికొచ్చి మూడు వారాలైంది, సోమవారం నుంచి సోలో. కంపెనీ ఇచ్చిన కాస్కేడియా ట్రక్కులో ముందాయన వదిలేసిన కోబ్రా 29 ఉంది, డ్రైవర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే సీబీ రేడియో. ఆన్ చేస్తే గరగర, అది ఆగితే బూతులు. ట్రైనింగ్ ఇచ్చినాయన "మైక్ పట్టుకుంటే ఫోన్ పట్టుకున్నట్టే, టికెట్ రాస్తారు, కట్టేసెయ్" అన్నారు. ఎక్కువగా ఐ-80 హైవే మీద పడమర వైపు లోడ్లు. దీన్ని ఆన్‌లో ఉంచాలా, విప్పి పక్కన పెట్టేయాలా?

డాలస్, రీఫర్:

ఆన్‌లో ఉంచు తమ్ముడూ. ట్రక్కులవాళ్లు మాట్లాడుకునే ఛానెల్ 19 పెట్టు, వాల్యూమ్ ఇంజిన్ చప్పుడుకు కాస్త పైన. మాట్లాడకపోయినా పర్లేదు, వినాలి.

ముందు టికెట్ సంగతి. కమర్షియల్ డ్రైవర్లు ఫోన్ చేత్తో పట్టుకోకూడదన్న ఫెడరల్ రూల్ 2012 జనవరి 3 నుంచి అమల్లో ఉంది. ఆ రూల్లో మొబైల్ ఫోన్ అంటే ఏమిటో చెప్పిన చోటే సీబీ, టూ-వే రేడియోలు దాని కిందికి రావని ఉంది. అంటే సీబీ మైక్ పట్టుకున్నందుకు ఫోన్ టికెట్ రాదు. రాష్ట్రాల హ్యాండ్స్‌ఫ్రీ చట్టాలు వేరు, నీ రూట్‌లో ఉన్నవాటిలో టూ-వే రేడియో మినహాయింపు ఎలా రాశారో ఒకసారి చదువుకో. మైక్ పట్టుకుని లేన్ దాటితే మాత్రం కేర్‌లెస్ డ్రైవింగ్ కింద ఎవరైనా రాస్తారు. ఇంకోటి, సీబీకీ, పోలీసు స్పీడ్ గన్‌ను పసిగట్టే రాడార్ డిటెక్టర్‌కీ ముడిపెట్టొద్దు. డిటెక్టర్ కమర్షియల్ ట్రక్కులో దేశమంతా నిషేధం.

ఎందుకు వినాలంటే, 65 మైళ్ల స్పీడ్‌లో సెకనుకు 95 అడుగులు పోతావు. వెనక 80,000 పౌండ్లు. ఎదురు వైపు నుంచి వచ్చే డ్రైవర్ మీ సైడ్ జామ్ పక్కనుంచే వస్తాడు కాబట్టి, తోక ఏ మైలు రాయి దగ్గరుందో, ఏ లేన్ ఆగిందో కళ్లారా చూసి చెప్తాడు. "బ్రేక్ చెక్, వెస్ట్‌బౌండ్, టూ ఫిఫ్టీ ఎయిట్, బోత్ లేన్స్" అని వినపడితే ముందున్న వాళ్లు సడన్‌గా ఆగుతున్నారని అర్థం. మ్యాప్‌లో ఎర్ర గీత ఆ తర్వాత ఎప్పుడో వస్తుంది.

ఫ్రెస్నో, ఫ్లాట్‌బెడ్:

డాలస్ అన్న మాట సగమే ఒప్పుకుంటా. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆన్‌లో పెడితే కొత్త పిల్లాడికి తల పగిలిపోతది. కొత్తలో అద్దాలు, గేర్లు, జీపీఎస్, ఈఎల్‌డీ (డ్రైవింగ్ గంటలు రాసే మిషన్), ఇన్ని చూసుకోవాలె. దాని మీద బూతులు ఎందుకు? ఎప్పుడు ఆన్ చెయ్యాల్నో నేర్చుకుంటే చాలు. మంచు, పొగమంచు, గాలి ఉన్నప్పుడు. పెద్ద దిగుడు మొదలుకాకముందు. రోడ్డు పని బోర్డు కనబడంగనే. ట్రాఫిక్ కారణం లేకుండ నెమ్మదిస్తే. షిప్పర్ (లోడు ఇచ్చేటోళ్ల) గేటు దగ్గర. మిగతా టైంల కట్టేసినా నష్టం లేదు.

వయోమింగ్‌ల ఐ-80 మీద లారమీ, రాలిన్స్ మధ్య ఎల్క్ మౌంటెన్ దగ్గర గాలి పక్కనుంచి కొడతది. ఖాళీ ట్రెయిలర్‌తో ఉంటే లారమీ దాటకముందే 19 మీద అడుగు: "బ్రేక్ వన్ నైన్, ఈస్ట్‌బౌండ్, హౌస్ ద విండ్ బై ఎల్క్ మౌంటెన్?" అంటే తూర్పుకు వచ్చేటోళ్లూ, అక్కడ గాలి ఎట్లుంది అని. ఎదురొచ్చే వాళ్లల్ల ఖాళీ బండి నడిపేటోడు చెప్తే దానికి విలువ. నలభై వేల పౌండ్ల లోడుతో ఉన్నోడు "నాట్ బ్యాడ్" అంటే అది నీకు లెక్క కాదు. కాబట్టి "ఆర్ యూ ఎంప్టీ ఆర్ లోడెడ్" అని తప్పకుండ అడుగు. ఒరెగన్‌ల క్యాబేజ్ హిల్, కాలిఫోర్నియాల డానర్ పాస్ కూడా ఇట్లనే, టైర్లకు మంచు చెయిన్లు ఏ మైలు రాయి దగ్గర చెక్ చేస్తున్నరో రేడియోల తెలుస్తది.

డాలస్, రీఫర్:

అన్నా, నీ లెక్కలో ఒకటి తప్పుతోంది. "ట్రాఫిక్ కారణం లేకుండా నెమ్మదిస్తే ఆన్ చెయ్యి" అంటున్నావు. నెమ్మదించేసరికే తోక దగ్గరికి వచ్చేసినట్టు కదా? ఆన్‌లోనే ఉంచి స్క్వెల్చ్ (హోరు ఆపే నాబ్) సరిగ్గా పెడితే గరగర ఉండదు, మనిషి మాట్లాడినప్పుడే నోరు తెరుస్తుంది. గరగరకు భయపడి కట్టేసేవాళ్లలో చాలామందికి ఆ నాబ్ తిప్పడం ఎవరూ చూపించలేదు, అంతే.

న్యూజెర్సీ, ట్రక్కుల్లో రేడియోలు బిగించే పని:

ఇద్దరూ ఆన్, ఆఫ్ గురించే వాదిస్తున్నారు. అసలు ఆ రేడియో పని చేస్తోందో లేదో ఎవరూ అడగలేదు. ముందాయన వదిలేసిన సెట్ అంటే నూటికి తొంభై యాంటెన్నా దగ్గరే జబ్బు.

స్క్వెల్చ్ ఇలా పెట్టండి. ఎవరూ మాట్లాడని సమయం చూసి నాబ్‌ను పూర్తిగా ఎడమకు తిప్పితే హోరు వస్తుంది. మెల్లగా కుడికి తిప్పుతూ హోరు ఆగిన చోటే ఆపేయండి. ఇంకొంచెం తిప్పితే దూరంగా ఉన్నవాళ్ల గొంతులు కూడా మూసుకుపోతాయి, అర మైలు లోపల ఉన్నవాడే వినపడతాడు. అప్పుడు రేడియో ఆన్‌లో ఉన్నా లేనట్టే. ఆర్ఎఫ్ గెయిన్ (సిగ్నల్‌ను ఎంత గట్టిగా పట్టాలో సరిచేసే నాబ్) మామూలుగా పూర్తిగా కుడికి. పగలు వెయ్యి మైళ్ల అవతలి గొంతులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటే అది స్కిప్, పైన అయనోస్ఫియర్‌కు తగిలి తిరిగొచ్చే తరంగాలు. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువున్న ఏళ్లలో ఇది బాగా ఉంటుంది. అప్పుడు ఆర్ఎఫ్ గెయిన్ తగ్గిస్తే దగ్గరివాళ్లు మిగులుతారు.

పవర్‌కు సిగరెట్ లైటర్ వాడొద్దు, ఆల్టర్నేటర్ కూత అందులోంచే వస్తుంది. కాస్కేడియాలో సీబీకి ఇచ్చిన పవర్ పోస్టులు ఉంటాయి. ఎరుపు ప్లస్, నలుపు మైనస్. తిరగేస్తే లోపలి డయోడ్ కాలి ఫ్యూజ్ పోతుంది. ఆ ఫ్యూజ్ స్థానంలో పెద్దది పెట్టకండి.

ఇక యాంటెన్నా. కాస్కేడియా క్యాబ్ అల్యూమినియం, కాబట్టి అయస్కాంతం యాంటెన్నా అంటుకోదు. అద్దం బ్రాకెట్ మీదే బిగించాలి. బ్రాకెట్ పెయింట్ మీద కూర్చుంటే గ్రౌండ్ (ట్రక్కు లోహంతో కనెక్షన్) రాదు. పెయింట్ గీకి, స్టార్ వాషర్ వేసి, మల్టీమీటర్‌తో బ్రాకెట్ నుంచి బ్యాటరీ మైనస్‌కు కంటిన్యూయిటీ (కరెంటు దారి తెగకుండా ఉందా అని) చూడండి. కేబుల్ చివర పీఎల్-259 కనెక్టర్‌లో ఆకుపచ్చ తుప్పు ఉంటే కొత్తది వేయండి. కేబుల్‌ను రెండు చివరలా విప్పి నడిమి పిన్నుకూ బయటి రింగుకూ మధ్య కొలవండి, అక్కడ కంటిన్యూయిటీ ఉండకూడదు. యాంటెన్నా తగిలించి కొలవొద్దు, కాయిల్ ఉన్న కొన్నింటిలో షార్ట్ చూపడం మామూలే.

తరవాత ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్, యాంటెన్నా నుంచి ఎంత పవర్ వెనక్కి తిరిగొస్తోందో చూపేది. రేడియోకూ యాంటెన్నా కేబుల్‌కూ మధ్య చిన్న జంపర్ వైరుతో పెట్టండి. పక్కన ట్రక్కులు, గోడలు లేని ఖాళీ లాట్‌లో, తలుపులు మూసి చూడాలి. ఛానెల్ 1 పెట్టి మైక్ నొక్కి, సూదిని క్యాలిబ్రేట్ గీత మీదకు తెచ్చి, రిఫ్లెక్ట్ వైపు మార్చి చదవండి. అలాగే 19, 40. 1.5 లోపు బాగు, 2 వరకు నడుస్తుంది. 3 దాటితే మైక్ నొక్కొద్దు, ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ కాలుతుంది. మూడు ఛానెళ్లలోనూ 3 పైనే ఉంటే అది యాంటెన్నా పొడవు సమస్య కాదు, గ్రౌండో కేబులో.

ట్రక్ స్టాప్ షాపుల్లో "పీక్ అండ్ ట్యూన్" అని అమ్ముతారు. చేయించుకోకండి. చట్టం ప్రకారం ఏఎంలో 4 వాట్లే, వాళ్లు లోపల మాడ్యులేషన్ అదుపు చేసే భాగాన్ని కత్తిరించేస్తారు. గొంతు పెద్దదౌతుంది కానీ పగిలిపోయి, పక్క ఛానెళ్లలోకి పాకుతుంది. వాట్లు పెంచే లీనియర్ యాంప్లిఫయర్ అసలే చట్టవిరుద్ధం. దూరం పెంచేది యాంటెన్నా, వాట్లు కావు.

షికాగో, స్టీల్ కాయిల్స్:

రోడ్డు సంగతి సరే, షిప్పర్ సంగతి ఎవరూ సరిగా చెప్పలేదు. స్టీల్ మిల్లు, రాళ్ల క్వారీ, ధాన్యం ఎలివేటర్, ఇలాంటి చోట్ల గేటు దగ్గరే "సీబీ ఫలానా ఛానెల్" అని బోర్డు ఉంటుంది. మా టెర్మినల్‌లో ఒక తెలుగు కుర్రాడికి జరిగింది వినండి. మిల్లులో చెక్-ఇన్ అయ్యాక చేతికిచ్చిన కాగితం వెనక ఛానెల్ నంబరు ఉంది. రేడియో లేదు కాబట్టి ఫోన్ నంబరు ఇచ్చి క్యాబ్‌లో కూర్చున్నాడు. క్రేన్ వాళ్లు రేడియోలో రెండుసార్లు పిలిచి, జవాబు లేకపోతే వరస చివరికి నెట్టేశారు. ఫోన్ ఎవరూ చేయలేదు. నాలుగు గంటలు పోయాయి, రోజు డ్యూటీకి ఉన్న 14 గంటల గడియారం మాత్రం ఆగదు కదా. తర్వాత డిటెన్షన్ (బండి ఆపి ఉంచినందుకు ఇచ్చే) డబ్బు అడిగితే "పిలిచాం, డ్రైవర్ పలకలేదు" అని రికార్డు చూపించారు. లోడు ఇప్పించిన బ్రోకర్ కూడా చేతులెత్తేశాడు. ఆ రోజు లోడు మర్నాడు దిగింది, బిల్లులో ఆలస్యానికి కోత పడింది. రేడియో ఉంటే ఇందులో ఒక్కటీ జరిగేది కాదు. కాబట్టి తమ్ముడూ, గేటు దాటాక వాళ్లు చెప్పిన ఛానెల్ పెట్టు, నీ ట్రక్ నంబరు చెప్పి "రేడియో చెక్" అడుగు. వాళ్లు పలికిన తరవాతే సీటు వెనక్కి వాల్చు.

బ్రిస్బేన్, రాత్రి లైన్‌హాల్:

ఆస్ట్రేలియాకు వచ్చే తెలుగు పిల్లలు ఇది చదివి అమెరికా సెట్ కొని తెచ్చుకుంటారేమోనని రాస్తున్నా. ఇక్కడ ట్రక్కులు వాడేది యూహెచ్ఎఫ్ సీబీ, 477 మెగాహెర్ట్జ్, 80 ఛానెళ్లు, 5 వాట్లు. అమెరికాది 27 మెగాహెర్ట్జ్, 40 ఛానెళ్లు. అది ఇక్కడి ట్రక్కులకు వినపడదు. మామూలు హైవేల మీద ఛానెల్ 40, పసిఫిక్ హైవే మీద 29. ఛానెల్ 5, 35 అత్యవసరానికి మాత్రమే, వాటిలో కబుర్లు చెప్తే నేరం.

ఫ్రెస్నో, ఫ్లాట్‌బెడ్:

అమెరికాల అత్యవసరానికి ఛానెల్ 9. కానీ దాన్ని వినేటోళ్లు ఇప్పుడు తక్కువ. ప్రాణం మీదకొస్తే ఫోన్‌ల 911 కొట్టి, 19 మీద వెనకొచ్చేటోళ్లకు మైలు రాయి నంబర్ చెప్పు.

డాలస్, రీఫర్:

బూతుల సంగతి కూడా చెప్పాలి, తమ్ముడు అడిగిన దాంట్లో బాధ అదే అనిపించింది. యాస విని వెక్కిరిస్తారు, దేశం పేరు పెట్టి తిడతారు. జవాబివ్వొద్దు. ఇచ్చావంటే ట్రక్ స్టాప్ దాకా వదలరు. వాల్యూమ్ తగ్గించు, కొంత దూరం పోతే వాళ్ల రేంజ్ దాటిపోతావు. నీ లోడు ఏమిటో, ట్రెయిలర్ నంబరు ఏమిటో, రాత్రి ఎక్కడ ఆగుతున్నావో గాల్లో చెప్పకు, లోడు దొంగలు కూడా వింటారు. తెలుగులో కబుర్లకు 19 వాడొద్దు, ఇంకో ఛానెల్‌కు మారండి. ఐదు నిమిషాలు మాట్లాడాక కనీసం ఒక నిమిషం ఛానెల్ వదలాలని ఎఫ్‌సీసీ (అమెరికా రేడియో నియంత్రణ సంస్థ) రూల్ కూడా ఉంది.

వినడంలో ఇంకో లాభం ఉంది. 2025 జూన్ 25 నుంచి ఇంగ్లిష్ రాకపోతే రోడ్డు పక్క తనిఖీలోనే బండి ఆపేస్తున్నారు. రోజూ గంట రేడియో వింటే ఇక్కడి మాట చెవికి పడుతుంది. "ఆలిగేటర్" అంటే రోడ్డు మీద పడ్డ టైర్ తొక్క. "చికెన్ కూప్" తూకం స్టేషన్. "బేర్" పోలీసు. "హామర్ లేన్" ఎడమ లేన్. "యార్డ్‌స్టిక్" మైలు రాయి. "ఓవర్ యువర్ షోల్డర్" అంటే నువ్వు దాటొచ్చిన రోడ్డు.

ఇండియానాపొలిస్, కొత్త డ్రైవర్:

అన్నలూ, చాలా థాంక్స్. మీటర్ తెచ్చి చూశాను. బ్రాకెట్ కింద పెయింట్ గీకాక ఛానెల్ 1 మీద 2.6, 19 మీద 2.1, 40 మీద 1.7. ఫైబర్‌గ్లాస్ యాంటెన్నా, నాలుగు అడుగులు. ఇప్పుడు ఏం చేయాలి?

న్యూజెర్సీ, ట్రక్కుల్లో రేడియోలు బిగించే పని:

ఒకటి మీద ఎక్కువ, నలభై మీద తక్కువ అంటే యాంటెన్నా పొట్టిగా ఉంది. కొన మీద రబ్బరు టోపీ తీస్తే స్క్రూ ఉంటుంది. రెండు చుట్లు పైకి తిప్పి, లాక్ నట్ బిగించి, టోపీ పెట్టి మళ్లీ కొలవండి. టోపీ లేకుండా తీసిన రీడింగ్ వేరుగా వస్తుంది, అది నమ్మకండి. 1, 40 రెండూ దాదాపు సమానమయ్యేదాకా ఇలాగే చేయండి. స్క్రూ మొత్తం పైకొచ్చినా ఒకటి మీద 2 దాటుతుంటే యాంటెన్నా అడుగున స్ప్రింగ్ బిగించండి, ఆ పొడవు కూడా కలుస్తుంది. కొలిచిన అంకెలు ఇక్కడ పెట్టండి, చూస్తాను.