చక్ విలన్ అని 2009లోనే అనుకున్నారా? మరి తాయెత్తు ఎందుకు వేడెక్కలేదు?

ఇంపాలా67:
ముందే చెబుతున్నా, ‘సూపర్‌నాచురల్’ (సామ్, డీన్ అనే అన్నదమ్ములు దెయ్యాల్ని వేటాడే అమెరికన్ సీరియల్) పూర్తిగా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి. చివరిదాకా అన్నీ విప్పేస్తున్నాను.

14వ సీజన్ ఆఖర్లో, అంటే 2019లో, దేవుడని తేలిన చక్ షర్లీ ఉన్నట్టుండి విలన్ అయ్యాడని అందరూ తిట్టారు. ఉన్నట్టుండి ఏం కాదు. వాడు మొదటిసారి కనిపించిన రోజునుంచే విలన్. 4వ సీజన్ 18వ ఎపిసోడ్ గుర్తు తెచ్చుకోండి. తాగుబోతు రచయిత, చిందరవందర ఇల్లు, సామ్, డీన్‌ల జీవితాన్ని పొల్లుపోకుండా నవలలుగా రాస్తుంటాడు. ఆ ఎపిసోడ్ పేరుకు అర్థం ‘ఈ పుస్తకం చివర ఉన్న రాక్షసుడు’. అది ఒక పిల్లల బొమ్మల పుస్తకం పేరు. అందులో గ్రోవర్ అనే బొమ్మ “పేజీ తిప్పొద్దు, చివర్లో రాక్షసుడున్నాడు” అని పేజీ పేజీకీ బతిమాలుతుంది. పేజీలకు తాళ్లు కడుతుంది, ఇటుకల గోడ పేరుస్తుంది. తీరా చివరి పేజీకి వెళ్తే ఆ రాక్షసుడు తనే! కథ చెప్పేవాడే రాక్షసుడు. ఇంకేం ఆధారం కావాలి మీకు?

సగంచూశా:
నేనింకా 7వ సీజన్‌లో ఉన్నానండీ. చాలా థాంక్స్.

ఇంపాలా67:
మొదటి లైన్‌లోనే ఆగమన్నాను కదా.

నిశాచరి:
పేరు పట్టుకుని ఇంత దూరం పోతే బోడిగుండుకూ మోకాలికీ ముడి పడుతుంది. సినిమాల పేర్లు, పాటల పేర్లు తిప్పి ఎపిసోడ్లకు పెట్టడం వాళ్లకు మొదటినుంచీ అలవాటు. నేను ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను. తాయెత్తు సంగతేంటి?

డీన్ మెడలో ఎప్పుడూ ఉండే ఆ చిన్న ఇత్తడి తల. 5వ సీజన్ 2వ ఎపిసోడ్‌లో కాస్టియల్ అనే దేవదూత వచ్చి దాన్ని అప్పడుగుతాడు. దేవుడు దగ్గర్లో ఉంటే అది కాలిపోయేంత వేడెక్కుతుందట, దేవుణ్ని వెతకడానికి కావాలట. సరే. అంతకు కొన్ని వారాల ముందే డీన్ దాన్ని మెడలో వేసుకుని చక్ ఎదురుగా నిలబడి మాట్లాడాడు. కాలిందా? కనీసం గోకాడా? చక్ దేవుడన్న ఆలోచనే అప్పుడు ఎవరికీ లేదు. ఇక దేవుడే విలన్ అన్నది ఎక్కడినుంచి వచ్చింది?

ఇంపాలా67:
దేవుడండీ ఆయన. తాయెత్తు పనిచేయకుండా ఆపుకోలేడా? 2016లో, 11వ సీజన్‌లో తనను బయటపెట్టుకోవాలని అనుకున్నప్పుడు అదే తాయెత్తు సామ్ జేబులో వెలిగింది. అంటే అది పనిచేయాలో వద్దో ఆయన ఇష్టం.

నిశాచరి:
అలాగైతే కాస్టియల్ సీజన్‌లో చాలా భాగం దాన్ని పట్టుకుని తిరిగింది దేనికి? ‘దేవుడు ఏదైనా చేయగలడు’ అంటే ఇక ఏ ఆధారమూ ఆధారం కాదు, ఏ తప్పూ తప్పు కాదు. అది థియరీ కాదు, భక్తి.

గోడమీదపిల్లి:
హహ. భక్తి.

ఇంపాలా67:
భక్తి అంటారా. సరే, అదే 4-18లో చక్ సొంత మాటలు వినండి. తను రాసిన పాత్రలు నిజంగా గుమ్మంలో నిలబడేసరికి, అయితే నేను దేవుణ్నే అయ్యుంటాను, అదీ క్రూరమైన, పిచ్చి పంతాల దేవుణ్ని అని వాపోతాడు. మీతో ఎన్ని కష్టాలు పడించాను అంటాడు. పదేళ్ల తర్వాత బయటపడిన నిజం మొదటి రోజే నోటితో చెప్పాడు. అది జోక్ అనుకుని నవ్వేశాం. నేనూ నవ్వాను.

తెరవెనుక:
ఇద్దరికీ ఒక మాట. నేను రెండేళ్లు ఒక దెయ్యాల సీరియల్‌కు మాటలు రాశాను. ఛానెల్ పేరు అడక్కండి. మా కథలో ముసుగు మనిషి ఉండేవాడు. మొదటి 40 ఎపిసోడ్లలో వాడి చెయ్యి మాత్రమే చూపించాం. తలుపు గడియ తీసే చెయ్యి, దీపం ఆర్పే చెయ్యి. షూటింగ్ రోజు డైరెక్టర్ ఇచ్చిన ఆర్డర్ ఏంటో తెలుసా? “ఆ చేతికి ఉంగరం వద్దు, గాజులొద్దు, వాచీ వద్దు, గోళ్లరంగు వద్దు.” ఎందుకంటే అది ఆడ చెయ్యో మగ చెయ్యో మాకే తెలియదు! రేపు ఎవర్ని విలన్ చేస్తే వాళ్లకు అతకాలి. అసలు ఆ చెయ్యి మా లైట్‌బాయ్‌ది.

ఇక చూసేవాళ్లు? ఉంగరం లేదు కాబట్టి పెళ్లికాని మరిదే విలన్ అని పేజీలకు పేజీలు రాశారు. అది ఎంత పాకిందంటే, అందరూ కనిపెట్టేశారు కాబట్టి మార్చేయండి అని పైనుంచి ఫోన్. అప్పటికి మేము నిజంగానే మరిదిని విలన్ చేసి పది ఎపిసోడ్లు రాశాం. అన్నీ చెత్తబుట్టలోకి. ఆ పదింటికి డబ్బులు ఈరోజుకీ రాలేదు. చివరికి అత్తగారు విలన్ అయింది. ఎందుకంటే ఆవిడ డేట్లు ఉన్నాయి.

కాబట్టి ‘ముందే అనుకున్నారు’ అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ లైట్‌బాయ్ చెయ్యి గుర్తొస్తుంది.

గోడమీదపిల్లి:
ఈ థ్రెడ్ మొత్తంలో ఇదే బెస్ట్ పోస్ట్.

నిశాచరి:
ఇదే నేను చెప్పేది! ‘ట్విన్ పీక్స్’ (1990) కూడా అంతేగా. బాబ్ అనే ఆ జడలమనిషి అసలు నటుడే కాదు, సెట్‌లో సామాన్లు సర్దే ఫ్రాంక్ సిల్వా. పైలట్ (మొదటి ఎపిసోడ్) తీస్తుంటే పొరపాటున అద్దంలో పడ్డాడు. డేవిడ్ లించ్ ఆ షాట్ తీసేయకుండా, వాణ్నే దుష్టశక్తిని చేశాడు. ‘లాస్ట్’లో బెన్ లైనస్‌ను కొద్ది ఎపిసోడ్ల కోసమే పెట్టుకున్నారు, నటుడు బాగా చేశాడని విలన్ల నాయకుణ్ని చేశారు. విలన్లు ఇలాగే పుడతారు. ఆపైన మనం వెనక్కి వెళ్లి చుక్కలు కలుపుకుంటాం.

ఇంపాలా67:
‘ద గుడ్ ప్లేస్’ మర్చిపోయారా? మొదటి సీజన్ చివర్లో, అప్పటిదాకా మంచివాడిలా కనిపించిన మైకేల్ అసలు రంగు బయటపడుతుంది. ఆ సంగతి మొదటినుంచీ తెలిసింది టెడ్ డాన్సన్‌కు, క్రిస్టెన్ బెల్‌కు. మిగతా నటులకు కూడా చెప్పకుండా దాచారు. అదీ ప్లాన్ అంటే. తెరవెనుక గారికి డబ్బులు ఎగ్గొట్టారని ప్రపంచంలో రైటర్లందరూ గుడ్డిగా రాస్తారని కాదు. మీ సీరియల్‌కు ప్లాన్ లేదు, అంతే.

తెరవెనుక:
అది 13 ఎపిసోడ్ల సీజన్ బాబూ. మీరు చెబుతున్నది 15 సీజన్లు, 327 ఎపిసోడ్లు. షో సృష్టికర్త ఎరిక్ క్రిప్కీ తన దగ్గర అయిదేళ్ల ప్లాన్ ఉందన్నాడు, అయిదేళ్లకు పక్కకు తప్పుకున్నాడు. తర్వాత షో నడిపినవాళ్లు మూడుసార్లు మారారు. ఇల్లు నలుగురు మేస్త్రీలు కట్టారు. మొదటి మేస్త్రీ పునాదిలోనే అయిదో అంతస్తు కిటికీ అనుకున్నాడంటారా?

మెఫిస్టో_బాధితుడు:
నేను 2021లో ‘వాండావిజన్’ చూస్తూ తొమ్మిది ఎపిసోడ్లూ మెఫిస్టో (మార్వెల్ కామిక్స్‌లో సైతాను లాంటి విలన్) వస్తాడని ఆఫీసులో అందరితో వాదించాను. పురుగు కనిపిస్తే మెఫిస్టో, కుందేలు కనిపిస్తే మెఫిస్టో. రాలేదు. పక్కింటి అగాథానే అంతా చేసిందని పాట పాడి మరీ చెప్పారు. ఇప్పటికీ నన్ను ఆ పేరుతోనే పిలుస్తారు. మీరు కొట్టుకోండి, నేను కూర్చుని చూస్తాను.

ఇంపాలా67:
నిశాచరి గారూ, తాయెత్తు తప్ప మీ దగ్గర ఇంకేమైనా ఉందా? ప్రతి థ్రెడ్‌లో అదే రికార్డు. పోయినసారి 5వ సీజన్ ముగింపు మీద రాసినా మీరు తాయెత్తుతోనే వచ్చారు.

నిశాచరి:
దానికి మీరు ఇంతవరకు జవాబు చెప్పలేదు కాబట్టి. నాలుగేళ్ల క్రితం నేను ‘చక్ విలన్ అవడం అతుకు’ అని రాస్తే, “షో అర్థం కానివాళ్లు వేరేది చూసుకోవాలి” అన్నది మీరే. దానికి 60 మంది లైకులు కొట్టారు. అప్పటినుంచి ఆరునెలలు ఇటువైపే రాలేదు నేను.

ఇంపాలా67:
అది మిమ్మల్ని అన్నది కాదు.

నిశాచరి:
నా పోస్ట్ కిందే అన్నారు. మీకు గెలవడం తప్ప ఏదీ పట్టదు.

ఇంపాలా67:
నీకు ఓడిపోవడం చేతకాదు, దానికి నేనేం చేయను.

కాపలాదారు (మోడరేటర్):
‘మీరు’ దగ్గరే ఆగుదాం. తర్వాతి పోస్ట్‌లో షో గురించి లేకపోతే తాళం వేస్తాను.

నిశాచరి:
షో గురించే. అసలు సంగతి చెబుతాను, తాయెత్తు పక్కన పెట్టండి.

5వ సీజన్ చివరి ఎపిసోడ్, 2010 మే. లూసిఫర్ సామ్ ఒంట్లో ఉన్నాడు, డీన్‌ను చావబాదుతున్నాడు. కారు యాష్‌ట్రేలో చిన్నప్పుడు దూర్చిన బొమ్మ సైనికుడు సామ్ కంట పడతాడు. ఒక్క క్షణం తన ఒళ్లు తన స్వాధీనంలోకి వస్తుంది, గోతిలోకి దూకేస్తాడు. విధి రాసిన కథను ఇద్దరు అన్నదమ్ములు చింపేశారు. నేనూ మా అన్నయ్యా ఒకే దుప్పట్లో కూర్చుని చూశాం. ఇప్పుడు మా ఇద్దరికీ మాటల్లేవు, కారణాలు ఇక్కడ అనవసరం. మా మధ్య మిగిలింది ఆ సీన్ ఒక్కటే.

చక్ మొదటినుంచీ విలన్ అయితే ఆ బొమ్మ సైనికుణ్ని కూడా వాడే పెట్టాడు. సామ్ ఏమీ ఎంచుకోలేదు. వాడు టైపు చేశాడు, వీడు దూకాడు. 2019లో ఎవరో కూర్చుని రాసిన ముక్కకు, 2010లో నేను చూసినదాన్ని మార్చే హక్కు ఎవరిచ్చారు? అందుకే అది అతుకే కావాలి నాకు.

తెరవెనుక:
ఇది నాకు తట్టలేదు.

ఇంపాలా67:
నాకూ తట్టలేదు. ‘నీకు’ అన్నందుకు సారీ.

నా సంగతీ చెబుతాను. నేను 6 నుంచి 14 దాకా ప్రతి వారం చూశాను. చచ్చినవాళ్లు లేస్తారు, లేచినవాళ్లు చస్తారు, అన్నదమ్ములు అబద్ధాలాడుకుంటారు, ఏడుస్తారు, మళ్లీ మొదలు. ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు, ఇంకా అదే చూస్తున్నావా అని. చక్ నోరు విప్పాక మొదటిసారి నా దగ్గర సమాధానం ఉంది. ఎవడో కూర్చుని వాళ్లను ఆడిస్తున్నాడు, వాడికి సరదా కాబట్టి ముగించడం లేదు. 4-18లో చక్ ఇంకో మాటంటాడు, మీతో చెత్త రాతను కూడా బతికించాను అని క్షమాపణ అడుగుతాడు. ఆ చెత్త సీజన్లకు కారణం ఉందని నమ్మాలి నేను. లేకపోతే తొమ్మిదేళ్లు ఊరికే కూర్చున్నట్టు.

గోడమీదపిల్లి:
అంటే ఒకరికి ప్లాన్ ఉంటే 5 పోతుంది, ఇంకొకరికి ప్లాన్ లేకపోతే 6 నుంచి 14 పోతాయి. ఇన్నాళ్లూ ఇత్తడి బొమ్మ మీద కొట్టుకున్నారు.

ట్రెంచ్‌కోట్:
ఎవరూ కాస్టియల్ మాట ఎత్తలేదు. 15వ సీజన్‌లో చక్ స్వయంగా ఒప్పుకుంటాడు, ఈ కాస్టియల్ ఏనాడూ చెప్పిన మాట వినలేదని. అంటే రాసిన కథలో రాయనిది కూడా జరుగుతోంది. అలాంటప్పుడు సామ్ దూకడం వాడి రాతే అని ఎలా అంటారు?

నిశాచరి:
అది కాస్టియల్ గురించి అన్నాడు. సామ్ గురించి కాదు.

ఇంపాలా67:
కానీ 5వ సీజన్ చివర్లో చక్ టైపు చేస్తూ, ముగింపులు రాయడం కష్టం అంటాడు కదా. తనే నడిపిస్తుంటే కష్టం ఎందుకు? వాళ్లేం చేస్తారో తనకూ తెలియలేదేమో.

నిశాచరి:
ఇది మీ థియరీకే ఎదురు తిరుగుతోంది, చూసుకున్నారా?

ఇంపాలా67:
చూసుకున్నాను. విలన్ వాడే, కానీ ఆ ఒక్క ఎపిసోడ్ వాడి చేతిలో లేదు. దీనికి ఒప్పుకుంటారా?

నిశాచరి:
సగం. తాయెత్తు మిగిలే ఉంది.

సగంచూశా:
బొమ్మ సైనికుడి సీన్ మళ్లీ చూసి వచ్చాను. 7వ సీజన్ తర్వాత ఆపేయొచ్చా?

ఇంపాలా67:
వద్దు.

నిశాచరి:
5తోనే ఆపేయాల్సింది.